ఏ జీవి ఏ గుంపుది?

అహోబిలం చుట్టుపక్కల వాళ్ళకు హిరణ్యకశిపుని కథ ఒకరు చెప్పాల్సిన పని లేదు. మనిషి చేతిలో గానీ, జంతువు చేతిలో గానీ చావు రాకూడదని వరం అడిగాడు. స్వామి సగం మనిషిగా, సగం సింహంగా వచ్చాడు. ఏ గుంపులోనూ చేరని రూపం అది.

అది దేవుడి సంగతి. నల్లమల అడవిలోని జీవులకు మాత్రం వేటి గుంపు వాటికి ఉంది. పైపైన చూసి చెబితే పొరబడతాం.

"గబ్బిలం ఏ గుంపుది?" బడిలో పంతులుగారు అడిగారు.

"పిట్టల గుంపు సార్. ఎగురుతుంది గదా!" అన్నారు పిల్లలు.

"పిట్టకు ఈకలుంటాయి. గుడ్డు పెడుతుంది. మరి గబ్బిలం?"

గబ్బిలానికి ఈకలు లేవు. ఒంటి నిండా వెంట్రుకలే. పిల్లను కని పాలిస్తుంది. అంటే ఆవు, కుక్క, మనిషి ఉన్న గుంపే దానిది. గుంపు తెలియాలంటే ఒంటి తీరు చూడాలి.

సాలెపురుగునూ పురుగే అంటాం. చీమకు, ఈగకు కాళ్ళు ఆరు. సాలెపురుగుకు ఎనిమిది. అది తేలు గుంపుది. నీలిరంగు పెద్ద సాలెపురుగు ఒకటుంది. 1899లో పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త, గుత్తిలో దొరికిన ఒకే ఒక్కదాన్ని చూసి దాని వివరం రాశాడు. ఆ తర్వాత నూరేళ్ళు అది ఎవరి కంటా పడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ దొరికింది. పాత వివరం రాసి ఉంది కాబట్టే ఇది అదేనని తేలింది.

గుంపులో మళ్ళీ చిన్న గుంపులుంటాయి. వాటిని కుటుంబాలు అంటారు. పాముల విషయంలో ఈ లెక్క ప్రాణాలకు సంబంధించింది.

నాగుపాముకు పడగ ఉంది. కట్లపాముకు లేదు. నల్లటి ఒంటి మీద తెల్లటి కట్లు ఉంటాయి. చూడ్డానికి పోలికే లేదు. అయినా రెండూ ఒకే కుటుంబం. రెండింటి విషమూ నరాల మీద పనిచేస్తుంది. కనురెప్పలు వాలిపోతాయి. మాట తడబడుతుంది. ఊపిరి అందదు. రక్తపింజరి, చిన్నపింజరి మరో కుటుంబం. వాటి విషం రక్తాన్ని చెడగొడుతుంది. కాటు దగ్గర వాస్తుంది. రక్తం గడ్డకట్టదు. జెర్రిపోతుది ఇంకో కుటుంబం. దానికి విషం లేదు. చేలో ఎలుకలను తింటుంది. నాగుపాము అనుకుని దాన్ని కొట్టి చంపితే లాభం ఎలుకలకే!

కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళను కాటేస్తుంది. చాలాసార్లు నొప్పి, వాపు ఉండవు. "వాపు లేదు, విషం ఎక్కలేదులే" అని ఇంట్లో ఉంచుకుంటే ప్రాణం పోతుంది.

ఏ పాము కరిచిందో తెలియకపోయినా దాన్ని వెతుక్కుంటూ పోవద్దు. ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు మందు ఈ నాలుగు విషపు పాములకూ పనిచేస్తుంది. కాటును కోయకూడదు. తాడుతో బిగించి కట్టకూడదు. పసరు అంటూ పొద్దుపుచ్చకూడదు. కరిచిన కాలు కదలనివ్వకుండా, 108కి ఫోన్ చేసి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.