గాలపగోస్ నౌకాయానానికి వెళ్లేవారికి



గాలపగోస్ ద్వీపాలు పసిఫిక్ మహాసముద్రంలో, భూమధ్యరేఖ మీద, ఈక్వడార్ తీరానికి పడమరగా సుమారు 1000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. పెద్ద ద్వీపాలు 13, చిన్నవి, రాతిదిబ్బలు అనేకం. వీటిలో ఏ ఒక్కటీ ఎన్నడూ ఖండంతో కలిసి లేదు. సముద్రం అడుగున లావా పొంగి, గడ్డకట్టి, పొర మీద పొర పేరుకుని నీటిపైకి లేచిన కొండలే ఇవన్నీ. కాబట్టి ఇక్కడికి చేరిన ప్రతి జీవీ ఎగిరి రావాలి, ఈది రావాలి, లేదా కొట్టుకొచ్చిన చెట్టు కొమ్మల మీద రావాలి. చర్మం తడిగా ఉంటేనే బతికే కప్పలు అంతటి ఉప్పునీటిని దాటలేకపోయాయి. ఏనుగు, జింక, పులి వంటి పెద్ద జంతువుల ఊసే లేదు. వారాల తరబడి ఆకలిదప్పులు ఓర్చుకోగల తాబేళ్లు, ఇగువానాలనే పెద్ద బల్లులు మాత్రం చేరి, ఆ ఖాళీ నేల మీద తమ రాజ్యం స్థాపించుకున్నాయి. మనిషి కంటపడకుండా లక్షల ఏళ్లు బతికిన ఆ రాజ్యాన్ని చూడటానికే నౌకాయానం.

ద్వీపాల పుట్టుక ముందే అర్థమైతే అక్కడి దారి దానంతట అదే అర్థమవుతుంది. భూగర్భంలో ఒకచోట విపరీతమైన వేడి నిలిచి ఉంది. దాని మీదుగా నాజ్కా అనే భూఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల వేగంతో తూర్పు దిక్కుగా జరుగుతూ ఉంటుంది. వేడి ఉన్నచోట కొత్త ద్వీపం పుడుతుంది. పుట్టినది మెల్లగా తూర్పుకు జరిగి, చల్లబడి, అరిగి, కుంగిపోతుంది. అందుకే తూర్పున ఉన్న ఎస్పన్యోలా, సాన్ క్రిస్టోబాల్ ద్వీపాల వయసు ముప్పై లక్షల ఏళ్ల పైమాటే. పడమటి అంచున ఉన్న ఫెర్నాండినా వయసు పది లక్షల ఏళ్లు కూడా ఉండదు. తూర్పు నుంచి పడమరకు సాగే నౌక ముసలి నేల నుంచి పసి నేలకు వెళ్తున్నట్టు లెక్క. ఇసబెలా ద్వీపంలోని వోల్ఫ్ అగ్నిపర్వతం 1707 మీటర్లతో అన్నిటికన్నా ఎత్తైనది. అది 2015లోనూ 2022లోనూ పేలింది. ఫెర్నాండినాలోని లా కుంబ్రే 2024లో లావా కక్కింది.

శాంటియాగో ద్వీపంలోని సల్లివన్ బేలో పంతొమ్మిదో శతాబ్దం చివర పారిన లావా ఇప్పటికీ నిన్న ఆరినట్టే నల్లగా, తాళ్లు పేనినట్టు ముడతలు పడి కనిపిస్తుంది. తెలుగు నేలకు ఇది పరాయి రాయి కాదు. వికారాబాద్, జహీరాబాద్ ప్రాంతాల నల్లరాయి, రాజమహేంద్రవరం దగ్గరి బసాల్ట్ పొరలు కూడా ఇలాంటి లావానే. దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట దక్కన్ మీద పారిన ఆ ప్రవాహానికి మూలమైన వేడి స్థానం ఈనాడు హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపం కింద ఉందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. ఆ రాయి నుంచే పుట్టిన నల్లరేగడి మీద పెరిగినవారు సల్లివన్ బేలో కాసేపు ఆగి, ఆ ముడతలను శ్రద్ధగా చూడటం ఎంతైనా మంచిది.

రాయి తర్వాత తెలుసుకోవలసింది నీరు. భూమధ్యరేఖ మీద పెంగ్విన్ ఎలా బతుకుతుందన్న ప్రశ్నకు జవాబు సముద్ర ప్రవాహాల్లో ఉంది. దక్షిణం నుంచి హంబోల్ట్ ప్రవాహం చల్లటి నీటిని తెస్తుంది. ఈశాన్యాన పనామా వైపు నుంచి వెచ్చటి నీరు వస్తుంది. వీటికన్నా ముఖ్యమైనది క్రామ్‌వెల్ ప్రవాహం. అది సముద్రం లోతున పడమర నుంచి తూర్పుకు పారుతూ వచ్చి, ఫెర్నాండినా, ఇసబెలా ద్వీపాల పునాదులకు తగిలి పైకి లేస్తుంది. ఆ చల్లటి నీటితోపాటు అడుగున ఉన్న పోషకాలూ పైకి వస్తాయి. వాటితో ప్లవకాలు, వాటిని తిని చేపలు, చేపల కోసం పక్షులు, సీ లయన్లు. గాలపగోస్ పెంగ్విన్లలో అత్యధికం ఈ పడమటి తీరాల్లోనే ఉంటాయి. రెక్కలు కుంచించుకుపోయి ఎగరలేని నీటికాకి ప్రపంచంలో మరెక్కడా లేదు. ఇక్కడ కూడా ఫెర్నాండినా, ఇసబెలా తీరాలు తప్ప దానికి మరో చోటు లేదు.

ఎల్ నినో వచ్చిన ఏడు ఈ ఏర్పాటంతా తలకిందులవుతుంది. వెచ్చటి నీరు ముంచెత్తి, పోషకాలు పైకి రావడం ఆగిపోతుంది. సముద్రపు ఇగువానా తినే పచ్చ నాచు నశించి, దానికి అరగని గోధుమ రంగు నాచు పెరుగుతుంది. 1982–83, 1997–98 ఎల్ నినోల్లో ఇగువానాలు, పెంగ్విన్లు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. ఆకలి తట్టుకునేందుకు ఇగువానా ఒళ్లు పొడవులోనే కుదించుకుంటుందని, తిండి దొరికాక మళ్లీ పెరుగుతుందని పరిశోధకులు కొలిచి చూపించారు. ఎముకలున్న జంతువుల్లో ఇది అత్యంత అరుదైన విషయం. తెలుగు రైతు రుతుపవనాల వార్తల్లో వినే ఎల్ నినో ఇదే. అయితే ఎల్ నినో వచ్చిన ప్రతిసారీ మన వానలు తగ్గుతాయని లేదు. 1982లో తగ్గాయి, అంతకన్నా బలమైన 1997లో దేశం మొత్తం మీద సాధారణంగానే కురిశాయి.

ఇక్కడి జంతువుల్లో చూసేవారిని కదిలించేది వాటి నిర్భయం. నీలికాళ్ల బూబీ పక్షి కాలిబాట పక్కనే గుడ్లు పొదుగుతుంది, మనిషి వచ్చాడని లేవదు. సీ లయన్ పిల్ల బెంచీ మీద నిద్రపోతుంది. 1535లో దారితప్పి ఇక్కడికి చేరిన పనామా బిషప్ తోమాస్ దె బెర్లాంగా, పక్షులు పారిపోవడం కూడా తెలియనట్టున్నాయని స్పెయిన్ రాజుకు రాశాడు. ఆ అమాయకత్వానికి అవి చెల్లించిన మూల్యం చాలా పెద్దది. తాబేలు తిండీ నీరూ లేకుండా నెలల తరబడి బతుకుతుందని తెలిశాక, సముద్రపు దొంగలు, తిమింగలాల వేటగాళ్లు వాటిని తాజా మాంసం కోసం ఓడల అడుగున పేర్చుకుపోయారు. అలా పోయినవి లక్షకు పైనే అని అంచనా. వలస వచ్చినవారు వదిలిన మేకలు మిగిలిన పచ్చదనాన్ని మేసేశాయి. పింటా ద్వీపపు జాతిలో చివరి తాబేలు, లోన్‌సమ్ జార్జ్ అని లోకమంతా పిలుచుకున్నది, 2012 జూన్ 24న చనిపోయింది. దానితో ఒక జాతి ముగిసింది.

ఎస్పన్యోలా కథ వేరుగా నడిచింది. 1960లలో అక్కడ 14 తాబేళ్లే మిగిలాయి, రెండు మగవి, పన్నెండు ఆడవి. వాటిని శాంటా క్రూజ్ ద్వీపంలోని పెంపక కేంద్రానికి తెచ్చారు. అమెరికాలోని సాన్ డియేగో జంతుప్రదర్శనశాల నుంచి డియేగో అనే మగ తాబేలును కూడా రప్పించారు. వాటి సంతతి దాదాపు రెండు వేలు ఆ ద్వీపంలో కుదురుకున్నాక, 2020లో డియేగోనూ తక్కిన పెద్దవాటినీ తిరిగి ఎస్పన్యోలాకు చేర్చారు. ఇసబెలా ఉత్తర భాగం, శాంటియాగోల నుంచి లక్షకు పైగా మేకలను తొలగించే పని 1997లో మొదలై 2006 దాకా సాగింది. 1959లో జాతీయ పార్కు, 1978లో యునెస్కో గుర్తింపు, 1998లో సముద్ర రక్షిత ప్రాంతం వచ్చాయి. పర్యాటకం, వలసలు, బయటి జీవులు పెరిగిపోయి 2007 నుంచి 2010 వరకు ఈ ద్వీపాలు ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలోకి ఎక్కాయి కూడా. ఈనాడు కాలిబాట పక్కన బెదరకుండా కూర్చున్న పక్షి వెనుక ఇన్ని దశాబ్దాల కాపలా ఉంది. అక్కడి నిబంధనలను ఆ కాపలాలో తన వంతుగా తీసుకున్న యాత్రికుడే ఈ ద్వీపాలకు తగినవాడు.

నిబంధనలు కొద్దే. జంతువుకు రెండు మీటర్ల దూరంలో ఉండాలి. తాకకూడదు, తిండి పెట్టకూడదు, ఫ్లాష్ వాడకూడదు. గుర్తించిన బాట దాటకూడదు. రాయి, గవ్వ, ఇసుక ఏదీ తీసుకురాకూడదు. సీ లయన్ తల్లి తన పిల్లను వాసనతో గుర్తుపడుతుంది. మనిషి చేయి తగిలిన పిల్లకు అది కీడు. జంతువే దగ్గరికి వస్తే, మనిషే వెనక్కి జరగాలి.

పార్కు అనుమతి ఉన్న గైడ్ వెంట లేకుండా నౌకాయాత్రికులు పార్కు నేల మీద అడుగుపెట్టడానికి వీల్లేదు. ఒక గైడ్‌కు 16 మందికి మించి అప్పగించరు. నౌకను ఎంచుకునేటప్పుడు గదులు, భోజనాల ఫొటోల కన్నా ముందు గైడ్ ఎవరు, అతని అర్హత ఏమిటి, ఎన్నేళ్లుగా చేస్తున్నాడు అని అడగాలి. మంచి గైడ్ మామూలు గోధుమ రంగు పిచ్చుకలాంటి పక్షి ముందు అందరినీ ఆపుతాడు. అది ఫించ్. 1835లో ఐదు వారాలు ఇక్కడ గడిపిన చార్లెస్ డార్విన్ మొదట ఫించ్‌ల కన్నా మాకింగ్‌బర్డ్‌లనే శ్రద్ధగా గమనించి, ద్వీపానికో రకం ఉందని రాసుకున్నాడు. ఫించ్‌ల ముక్కుల కథను కళ్లెదుట చూపించినవారు పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు. 1973 నుంచి డాఫ్నె మేజర్ అనే చిన్న దిబ్బ మీద వారు ప్రతి పక్షినీ కొలిచారు. 1977 కరువులో చిన్న గింజలు అయిపోయి, పెద్ద ముక్కున్నవే ఎక్కువగా బతికాయి. తర్వాతి తరం ముక్కు సగటున పెద్దదైంది. ఈ సంగతి తెలియనివారు ఫించ్‌ను దాటుకుంటూ ఇగువానా వైపు వెళ్లిపోతారు. గైడ్ విలువ అక్కడ తెలుస్తుంది.

నౌకల్లో చాలావాటికి 16 మంది సామర్థ్యం. అన్నిటికన్నా పెద్దవాటిలో 100 మంది. పెద్దవి తక్కువ ఊగుతాయి, వాటిలో సాధారణంగా వైద్యుడు ఉంటాడు. చిన్నవాటిలో దిగడం ఎక్కడం త్వరగా అవుతుంది, గైడ్‌తో మాట్లాడే వీలెక్కువ. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారికి జంట పడవలను కలిపినట్టుండే కాటమరాన్ నయం. ఒక నౌక ఒకే చోటికి 14 రోజుల్లో రెండుసార్లు వెళ్లకూడదన్నది పార్కు నియమం. అందువల్ల ఏ వారపు యాత్రా అన్ని ద్వీపాలనూ చూపించలేదు, ఏది చూడాలో ముందే తేల్చుకోవాలి. పెంగ్విన్, ఎగరలేని నీటికాకి, ఇగువానాల గుంపులు కావాలంటే ఫెర్నాండినాలోని పుంటా ఎస్పినోసా ఉన్న పడమటి దారి. ఆల్బట్రాస్ పక్షి కావాలంటే ఎస్పన్యోలాలోని పుంటా సువారెజ్. ఎర్రకాళ్ల బూబీల కోసం ఉత్తరాన హెనోవేసా ద్వీపం. నాలుగు రోజుల యాత్రలో మొదటి రోజూ చివరి రోజూ సగం విమానాలకే పోతాయి. డబ్బు కొద్దిగా ఉన్నవారు ఖరీదైన నౌకలో నాలుగు రోజుల కన్నా సాదా నౌకలో ఎనిమిది రోజులు ఎంచుకోవడమే సరైన పని. మొదటిసారి వెళ్లేవారికి పడమటి దారే ఉత్తమం.

నౌక రాత్రిళ్లు ప్రయాణిస్తుంది. తెల్లవారేసరికి కొత్త ద్వీపం ముందు లంగరు వేసి ఉంటుంది. పంగా అనే రబ్బరు పడవలో ఒడ్డుకు చేరుస్తారు. కొన్నిచోట్ల రాళ్ల మీద పొడిగా దిగవచ్చు, కొన్నిచోట్ల మోకాలి లోతు నీళ్లలో దిగాలి. రోజుకు రెండు నడకలు, మధ్యలో స్నార్కెలింగ్, రాత్రి భోజనానికి ముందు మర్నాటి గురించి గైడ్ ప్రసంగం. ఇక్కడ సగం లోకం నీటి కింద ఉంది: నాచు మేసే ఇగువానా, పచ్చతాబేలు, చేపల వెంట దూసుకుపోయే పెంగ్విన్. ఈత రానివారు లైఫ్ జాకెట్‌తో కొంత చూడగలరు. కానీ ప్రయాణానికి ఆరు నెలల ముందు ఊళ్లోని ఈతకొలనులో చేరి నేర్చుకుంటే, ఖర్చుపెట్టిన డబ్బుకు రెట్టింపు ఫలం దక్కుతుంది.

జనవరి నుంచి మే దాకా గాలి వెచ్చగా, సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. అప్పుడప్పుడు వానలు పడి నేల పచ్చబడుతుంది. జూన్ నుంచి నవంబరు దాకా చల్లటి కాలం. గరువా అనే సన్నని తుంపర, మబ్బు, ఎక్కువ అలలు, వెట్‌సూట్ లేకుండా దిగలేనంత చల్లటి నీరు. అయితే తిండి సమృద్ధిగా ఉండి సముద్రం జీవంతో నిండేది అప్పుడే. ఎస్పన్యోలాలో ఆల్బట్రాస్‌లు ఏప్రిల్ నుంచి డిసెంబరు వరకే ఉంటాయి.

ద్వీపాలకు విమానాలు కీటో, గుయాకిల్ నగరాల నుంచి బాల్ట్రా ద్వీపానికి గానీ సాన్ క్రిస్టోబాల్‌కు గానీ వెళ్తాయి. ఎక్కేముందు సామాను తనిఖీ ఉంటుంది. పండ్లు, విత్తనాలు, మొక్కలు, మట్టి అంటిన బూట్లు తీసుకెళ్లకూడదు. ఇంటి నుంచి తెచ్చుకున్న పొడి, పచ్చడి ఏదైనా సరే దాచకుండా చూపించాలి. శాకాహారులు ఆ సంగతి నౌకవారికి టికెట్ కొన్నప్పుడే చెప్పాలి. విదేశీ పెద్దలకు పార్కు ప్రవేశ రుసుము 2024 ఆగస్టు 1 నుంచి 200 డాలర్లు. దాన్ని నగదుగా దగ్గర ఉంచుకోవాలి. ఈక్వడార్‌లో చలామణీ అయ్యేది అమెరికా డాలరే.

2019లో ఈక్వడార్ భారతీయులను వీసా అవసరమైనవారి జాబితాలో చేర్చింది. మినహాయింపులు మారుతుంటాయి కనుక, అమెరికా నుంచి బయల్దేరే తెలుగువారు కూడా ఈక్వడార్ కాన్సులేట్‌లో సరిచూసుకోవాలి. ఈక్వడార్ నుంచి భారత్‌కు తిరిగి వచ్చేవారి దగ్గర ఎల్లో ఫీవర్ టీకా పత్రం లేకపోతే క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేసుకున్న పదో రోజు నుంచే ఆ పత్రం చెల్లుతుంది. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. నౌక ఎవరి కోసమూ ఆగదు కాబట్టి, భారత్ నుంచి వెళ్లేవారు యాత్రకు కనీసం రెండు రోజుల ముందే కీటో గానీ గుయాకిల్ గానీ చేరుకుని ఉండాలి.