పచ్చ ఏ రంగు? ద్రావిడ వర్ణపదాల మూలాలు

సింగపూరులో పెరిగే తెలుగు పిల్లలకు ‘పచ్చ’ అనే మాట ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. పచ్చదీపం వెలిగితే వీధి దాటవచ్చునని నేర్చుకొన్న బాలుడు, ఊరినుండి వచ్చిన అమ్మమ్మ చామంతిపూవును ‘పచ్చనిది’ అనగానే ఆమెను దిద్దబోతాడు. ఆమె పొరపడలేదు. పచ్చజెండాలో ఉన్నదీ, పచ్చకామెర్లలో ఉన్నదీ ఒకే మాట. రంగులు మాత్రం రెండు.

ఇది తెలుగు లోపమా? సోదరభాషలను పక్కన పెట్టి చూస్తే కాదని తేలుతుంది. బడిలో తమిళం చదివే పిల్లల చేతిలోనే ఒక సాక్ష్యమున్నది. తమిళంలో ‘పచ్చై’ అంటే ఆకుపచ్చ. మేలిమి బంగారం మాత్రం ‘పసుంపొన్’. కన్నడంలో ఆకుపచ్చ ‘హసిరు’, పచ్చిది ‘హసి’. ఆ భాషలో పదాది పకారం కాలక్రమాన హకారమైంది. తెలుగు పాలు అక్కడ ‘హాలు’, పులి ‘హులి’. కనుక హసిరులోని హకారాన్ని వెనుకకు మళ్ళిస్తే తెలుగు ‘పసరు’కు తోబుట్టువు బయటపడుతుంది. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961, రెండవ కూర్పు 1984) ఇటువంటి మాటలను కుదురులుగా చేర్చింది.

పచ్చి, పచ్చిక, పసరు, పసి, పసుపు, పసిడి: ఇవన్నీ ఒక్క కుదురులోనివే. వీటిని కలిపి ఉంచుతున్నది వర్ణపటంలోని ఒక గీత కాదు, లేతదనం. అప్పుడే కోసిన ఆకూ, తేమ ఆరని పసుపుకొమ్మూ ఆ చూపులో ఒక జాతివే. రంగు ముందా, పచ్చిదనం ముందా అన్నది మాటల సాక్ష్యంతో తేల్చరాదు. రెంటినీ విడదీయవలసి వచ్చినప్పుడు తెలుగు ‘పచ్చ’కు ముందు ఒక ఆకును చేర్చింది, అంతే.

నీలిరంగు కథ వేరు. తెలుగు నీలం, తమిళ నీలం, మలయ్ ‘నీల’ ఒకే తీరుగా వినిపిస్తాయి. అయినా ఇది చుట్టరికం కాదు, ఎరువు. మూడింటికీ మూలం సంస్కృతమే. రంగుకు మలయ్ వారు వాడే ‘వర్న’ సైతం అక్కడిదే. ధ్వనుల మార్పులో క్రమం కనబడనిదే పోలికను నమ్మరాదని పండితులు పట్టుబట్టేది ఇందుకే. నీలానికి ప్రత్యేకమైన పేరు భాషలలో ఆలస్యంగా ఏర్పడుతుందని బర్లిన్, కే 1969లో ప్రతిపాదించారు. ఆ సిద్ధాంతంపై విమర్శలు వచ్చినా, ద్రావిడ భాషలు నీలాన్ని ఎరువు తెచ్చుకొన్న మాట నిజం.

తెలుపు వద్ద తెలుగు దారి మార్చింది. తమిళంలో తెలుపు ‘వెళ్ళై’. తెలుగు ‘తెలుపు’ మాత్రం తెలియు, తెలివి, తేటతెల్లం అనే మాటల పక్కన నిలుస్తుంది. దాని అసలు అర్థం స్వచ్ఛత. అయితే ఆ పాత ధాతువు తెలుగిళ్ళను వదలిపోలేదు. వెన్నెల, వెండి, వెన్న, వెల్లుల్లి, అన్నిటిలోను ఉన్నది అదే. ఎరుపూ అంతే. తమిళ ‘సివప్పు’తో దానికి పొంతన లేదు, కాని ఎఱ్ఱని కలువను తెలుగువారు నేటికీ చెంగలువ అంటారు. అందులోని ‘చెం’, తమిళుల ‘సెం’ ఒకటే.