ఊసరవెల్లి విస్తరి

పాఠ్యాంశ పరిచయం

ఊసరవెల్లి అనగానే మనకు గుర్తుకు వచ్చేవి దాని రంగులు. ఈ పాఠం దాని ఆకలిని గురించినది. పంజరంలో పెంచే ఊసరవెల్లికి పలురకాల కీటకాలను సమకూర్చడం ఎంత కష్టమో, విశాఖపట్నం చుట్టూ ఉన్న కొండలు అదే పనిని ఎలా నిర్వహిస్తున్నాయో ఈ వ్యాసం వివరిస్తుంది. జీవవైవిధ్యం పట్ల అవగాహనను, అల్పప్రాణుల పట్ల ఆదరాన్ని కలిగించడం దీని ఉద్దేశం.

పాఠం

మాట నిలకడ లేనివాడిని ఊసరవెల్లితో పోల్చడం లోకంలో పరిపాటి. సాహిత్యంలోనూ ఈ ప్రాణికి దక్కిన స్థానం గొప్పదేమీ కాదు. సంస్కృతంలో కృకలాసమని పేరుగల ఈ జీవి భాగవతం దశమ స్కంధంలో కనిపిస్తుంది. ఒకరికి దానమిచ్చిన గోవునే తెలియక మరొకరికి దానమిచ్చిన దోషానికి నృగ మహారాజు ఊసరవెల్లియై నూతిలో పడి ఉంటాడు. శ్రీకృష్ణుని స్పర్శతో ఆయనకు విముక్తి కలుగుతుంది. కథలో అది శిక్షగా ప్రాప్తించిన జన్మ. ప్రకృతిలో మాత్రం ఊసరవెల్లి జన్మ ఎంతో నేర్పుతో కూడినది.

ఎదుటివారిని మోసగించడానికే అది రంగు మారుస్తుందనడం సరికాదు. వేడి, వెలుతురు, భయం, తోటి ఊసరవెల్లితో స్పర్ధ మొదలైన కారణాల వల్ల దాని రంగు మారుతుంది. మడగాస్కర్ దీవికి చెందిన పాంథర్ ఊసరవెల్లి చర్మంలో అతి సూక్ష్మమైన స్ఫటికాలు ఉన్నాయనీ, వాటి మధ్య దూరం మారినప్పుడు కాంతి పరావర్తనం చెందే తీరు కూడా మారుతుందనీ జెనీవా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2015లో నిరూపించారు. దాని రెండు కళ్ళు ఒకదానితో ఒకటి నిమిత్తం లేకుండా రెండు దిక్కులు చూడగలవు. ఎర కనబడగానే రెండూ ఒకే చోట నిలుస్తాయి. మరుక్షణంలో శరీరమంత పొడవున్న జిగురు నాలుక బాణంలా దూసుకుపోయి పురుగును నోటిలోకి లాగుతుంది.

ఇంతటి వేటగత్తెకు ఆహారం ఏమిటి? మిడతలు, కీచురాళ్ళు, ఈగలు, గొంగళిపురుగులు, చిమ్మటలు, సీతాకోకచిలుకలు. ఈ పట్టికలో ముఖ్యమైనది సంఖ్య కాదు, వైవిధ్యం. ఈ సంగతి అడవిలో తెలియదు, పంజరంలో తెలుస్తుంది. కొన్ని దేశాలలో యెమెన్ ఊసరవెల్లిని, పాంథర్ ఊసరవెల్లిని ఇళ్ళలో పెంచుతారు. అలా పెంచేవారిని ఎక్కువగా వేధించే సమస్య పంజరమూ కాదు, దీపమూ కాదు. రోజూ ఒకే పురుగు కాకుండా వేరువేరు పురుగులను ఎక్కడినుండి తేవాలన్నదే వారి చింత.

దీనికి శాస్త్రీయమైన కారణం ఉంది. ఎముకల నిర్మాణానికి కాల్షియం, భాస్వరం రెండూ కావాలి. ఆహారంలో భాస్వరం కంటే కాల్షియం ఎక్కువగా, దాదాపు రెట్టింపుగా ఉండాలి. సాధారణంగా పెంపకందారులు మేపే కీచురాయిలో ఈ లెక్క తలకిందులుగా ఉంటుంది. అందులో కాల్షియం కంటే భాస్వరం అనేక రెట్లు ఎక్కువ. కీచురాళ్ళను మాత్రమే తిని పెరిగిన ఊసరవెల్లికి కడుపు నిండుతుంది గాని ఎముకలు బలపడవు. దవడ మెత్తబడుతుంది, కాళ్ళు వంకరపోతాయి. చివరకు కొమ్మను పట్టుకొనే శక్తి కూడా నశిస్తుంది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు సోకకపోతే శరీరంలో డి విటమిన్ తయారుకాక, ఉన్న కాల్షియం కూడా ఒంటబట్టదు. మూడు పూటలా ఉత్త అన్నమే తిన్న బిడ్డ కడుపు నిండినా బలహీనంగా ఉండటం వంటిదే ఇది.

ఈ లోపాన్ని పూరించడానికి పెంపకందారులు మూడు ఉపాయాలు పాటిస్తారు. మొదటిది, పురుగుకు ముందుగా మేత పెట్టడం. ఎరగా వేయడానికి ఒకటి రెండు రోజుల ముందు కీచురాళ్ళకు ఆకుకూరలు, క్యారెట్ వంటివి మేపుతారు. పురుగు పొట్టలోని పోషకాలు ఆ విధంగా ఊసరవెల్లికి చేరుతాయి. రెండవది, పురుగుల మీద కాల్షియం పొడి చల్లడం. మూడవది, అన్నింటికంటే మేలైనది, పురుగుల రకాలను మార్చడం. మల్బరీ ఆకు తిని పెరిగే పట్టుపురుగు మెత్తగా, తేమతో ఉంటుంది. హిందూపురం ప్రాంతపు రైతులకు పట్టుదారాన్నిచ్చే పురుగే విదేశాలలో ఊసరవెల్లికి మేతగా కూడా అమ్ముడుపోతున్నది. వంటింటి చెత్త మీద పెంచదగిన బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ డింభకాలలో కాల్షియం సమృద్ధిగా ఉంటుంది. తేనెపట్టును పాడుచేసే మైనపు పురుగులో కొవ్వు అధికం. దానిని ఎప్పుడో ఒకసారి పిండివంటలా పెట్టాలే గాని నిత్యభోజనంగా పెట్టకూడదు.

ఒకే పురుగును నమ్ముకొనడంలో మరొక ప్రమాదం ఉంది. 2009, 2010 సంవత్సరాల ప్రాంతంలో ఉత్తర అమెరికాలోని కీచురాళ్ళ పెంపక కేంద్రాలకు ఒక వైరస్ సోకింది. కీచురాళ్ళు కుప్పలుగా చనిపోయాయి. కొన్ని కేంద్రాలు మూతపడ్డాయి. వాటి మీదే ఆధారపడిన పెంపుడు జంతువుల మేతకు కొరత ఏర్పడింది. ఒకే పంట వేసిన రైతుకు తెగులు వస్తే ఏమవుతుందో అక్కడా అదే జరిగింది.

పోనీ, తోటలో దొరికిన ప్రతి పురుగునూ వేయవచ్చునా? అదీ ప్రమాదమే. మన బీళ్ళలో జిల్లేడు చెట్టును తిని బతికే పసుపు, నీలి చారల మిడత ఆ చెట్టు విషాన్ని తన ఒంటిలో దాచుకొంటుంది. దాని మెరిసే రంగులు శత్రువుకు హెచ్చరికలు. అమెరికాలో కొన్ని జాతుల మిణుగురులను తిన్న పెంపుడు తొండలు మరణించినట్లు పశువైద్యులు నమోదు చేశారు. పురుగుమందు చల్లిన పొలంలోని మిడతను వేస్తే ఆ మందు కూడా ఊసరవెల్లి పొట్టలోకి చేరుతుంది.

ఇక మన సంగతి. భారతదేశపు ఊసరవెల్లి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ పొందిన జీవి. దానిని పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకొనడం నేరం. అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం పరిధిలోకి వచ్చే విదేశీ జంతువులను ఉంచుకొనేవారు 2024లో వెలువడిన నిబంధనల ప్రకారం ప్రభుత్వం వద్ద నమోదు చేసుకోవాలి. ముచ్చటపడి ఊసరవెల్లిని పెరటిలో కట్టి, నాలుగు బొద్దింకలను వేసి, పోషిస్తున్నామని భావించడం చట్టరీత్యా తప్పు. దానికి చేయగలిగిన పోషణ కూడా అది కాదు.

మనం చేయలేని ఆ పోషణను విశాఖ చుట్టూ ఉన్న కొండలు అనాదిగా చేస్తున్నాయి. అభయారణ్యంగా ప్రకటించిన కంబాలకొండ తూర్పు కనుమలలో భాగం. దాని విస్తీర్ణం సుమారు 70 చదరపు కిలోమీటర్లు. 1977లో ప్రారంభమైన ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల ఈ అడవిని ఆనుకొనే ఉంది. ఇటువంటి పొదల అడవులలో ఋతువు మారినప్పుడల్లా వంటకం మారుతుంది. తొలకరి జల్లు పడగానే పుట్టలనుండి ఉసిళ్ళు లేస్తాయి. తంగేడు, రేల చిగుళ్ళ మీద పసుపు సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. మారేడు, నిమ్మజాతి ఆకుల మీద వేరొక జాతి గొంగళిపురుగులు పెరుగుతాయి. వానలు వెనుకబట్టేసరికి గడ్డిలో మిడతలు బలుస్తాయి. చెట్టుకొక పురుగు, పురుగుకొక పోషకం. ఆకుల మీది మంచుబొట్లు, వాన చినుకులే ఊసరవెల్లికి దాహం తీర్చే నీరు. ఏ వైద్యుడూ చెప్పకుండానే షడ్రసోపేతమైన విస్తరి దాని ముందుకు వస్తుంది.

1933లో ప్రారంభమైన విశాఖ ఓడరేవుకు ఎన్నో దేశాల సరుకు చేరుతుంది. బొగ్గు వస్తుంది, ఎరువులు వస్తాయి. ఉక్కు కర్మాగారం ఇనుప ఖనిజాన్ని కరిగించి ఉక్కుగా మారుస్తుంది. కాని తొలకరి ఉసిళ్ళను ఏ ఓడా తేలేదు, తంగేడు మీది గొంగళిపురుగును ఏ కొలిమీ పుట్టించలేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు అసంఖ్యాకంగా చెట్లు నేలకూలాయి. అటువంటి సమయంలో మళ్ళీ ఏ చెట్టు నాటుతున్నామన్నది చాలా పెద్ద ప్రశ్న. తెలుగు పట్టణాలలో విరివిగా నాటిన కోనోకార్పస్ చూపులకు ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది. అయితే అది మన సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టుకొనే చెట్టు కాదు. పచ్చదనం ఉన్నంత మాత్రాన విస్తరి వేసినట్లు కాదు. అందులో వడ్డన ఉండాలి.

కాబట్టి విద్యార్థులు చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. కళాశాల ఆవరణలో ఒక తంగేడు పొదను, ఒక కరివేప మొక్కను, ఒక రేల చెట్టును పెంచవచ్చు. ఆకులు కొరికిన పురుగును చూడగానే మందు చల్లకుండా, అది ఏ పురుగో గమనించవచ్చు. దారి దాటుతున్న ఊసరవెల్లి కనబడితే విషజంతువన్న భయంతో రాయి విసరకుండా ఆగి, అది పొదలోకి చేరేదాకా వాహనాలను వారించవచ్చు. దానికి విషం లేదు. గాయపడి ఉంటే అటవీశాఖ వారికి తెలియజేయాలి. దానికి మనం ఆహారం తెచ్చి పెట్టనక్కరలేదు. దాని ఆహారం పుట్టే చోటును మిగల్చగలిగితే చాలు.

కఠిన పదాలకు అర్థాలు

పరిపాటి = వాడుక, అలవాటు
కృకలాసం = ఊసరవెల్లి
స్పర్ధ = పోటీ
డింభకం = గుడ్డునుండి వెలువడిన పురుగు తొలిరూపం
ఉసిళ్ళు = వానాకాలంలో పుట్టనుండి లేచే రెక్కల చెదలు
షడ్రసోపేతం = ఆరు రుచులతో కూడినది

వ్యాకరణాంశాలు

షడ్రసోపేతం = షడ్రస + ఉపేతం – గుణసంధి
అభయారణ్యం = అభయ + అరణ్యం – సవర్ణదీర్ఘ సంధి
జీవవైవిధ్యం = జీవముల యొక్క వైవిధ్యం – షష్ఠీ తత్పురుష సమాసం

ప్రశ్నలు

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఊసరవెల్లికి ఒకే రకం కీటకాహారం ఎందుకు చాలదో కారణాలతో వివరించండి.
2. "పచ్చదనం ఉన్నంత మాత్రాన విస్తరి వేసినట్లు కాదు" – ఈ వాక్యాన్ని మీ ఊరి చెట్లకు అన్వయించి రాయండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. నృగ మహారాజుకు ఊసరవెల్లి జన్మ ఎందుకు కలిగింది?
2. ఎరగా వేసే పురుగులకు ముందుగా మేత పెట్టడం వల్ల ప్రయోజనమేమి?
3. జిల్లేడు చెట్టు మీది మిడత ఎందుకు ప్రమాదకరం?
4. మీ కళాశాల ఆవరణలో ఒక చెట్టును ఎన్నుకొని, దాని మీద వారం రోజులలో కనిపించిన కీటకాల పేర్లను మీ ప్రాంతపు మాటలలో రాయండి.