థెల్మా రిట్టర్ ఇంటిదాకా వెళ్ళిన సినిమాలు

చెల్లీ, పాత హాలీవుడ్ సినిమాలంటే నీకు గ్రేస్ కెల్లీ, మార్లిన్ మన్రో, బెట్టీ డేవిస్, డోరిస్ డే గుర్తొస్తారు కదూ? వాళ్ళ గురించి బోలెడు చదివే ఉంటావు. ఈసారి వాళ్ళ పక్కనున్న మనిషి గురించి మాట్లాడుకుందాం. గ్రేస్ కెల్లీ ప్రేమకథలో నర్సు, బెట్టీ డేవిస్‌ని స్టేజీ కోసం ముస్తాబు చేసే ఆవిడ, డోరిస్ డే ఇంట్లో పనిమనిషి, మార్లిన్ అద్దెకున్న ఇంటావిడ. ఈ నలుగురూ ఒక్కరే. పేరు థెల్మా రిట్టర్.

పొట్టి మనిషి. నుదుటి మీద గీతలు, కళ్ళ కింద అలసట, గరగరలాడే గొంతు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో 1902 ఫిబ్రవరి 14న పుట్టింది. ఆ గొంతులో, ఆ యాసలో బ్రూక్లిన్ చివరిదాకా అలాగే ఉండిపోయింది. అమెరికన్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్స్‌లో నటన నేర్చుకుంది, నాటకాల్లో వేసింది, జోసెఫ్ మోరన్ అనే నటుణ్ణి పెళ్ళి చేసుకుంది. ఆయన తర్వాత నటన మానేసి ప్రకటనల రంగంలోకి వెళ్ళాడు. ఈవిడ ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటూ స్టేజీకి దూరమై, మళ్ళీ రేడియో నాటకాలతో మొదలుపెట్టింది. మొదటిసారి తెర మీద కనిపించేసరికి 45 ఏళ్ళు. ఆడవాళ్ళకి సినిమా అవకాశాలు తగ్గిపోయే వయసది. ఈవిడకి అప్పుడే మొదలయ్యాయి.

ఆ మొదటి సినిమా 'మిరకిల్ ఆన్ 34త్ స్ట్రీట్', 1947లో వచ్చింది. క్రిస్మస్ రోజులు. మేసీస్ అనే పెద్ద దుకాణంలో శాంటా తాత వేషం వేసుకున్న ముసలాయన ఒక పిల్లాడికి ఫైరింజన్ బొమ్మ ఇస్తానని మాటిచ్చేస్తాడు. వాళ్ళమ్మ, అంటే మన థెల్మా, ఊరంతా తిరిగి, ఆ బొమ్మ ఎక్కడా దొరక్క కాళ్ళు పీక్కుపోయి వచ్చింది. పిల్లాడికి లేనిపోని ఆశ పెడతావా అని ఆయన మీద ఎగురుతుంది. అది ఫలానా వేరే దుకాణంలో దొరుకుతుందని ఆయన చెప్పగానే ఆ మొహం చూడాలి! కోపం పోతుంది, అనుమానం మిగులుతుంది, ఆ తర్వాత మెల్లిగా నమ్మకం వస్తుంది. ఉన్నది ఆ కాసేపే. టైటిల్స్‌లో పేరు కూడా వేయలేదు. 1949లో వచ్చిన 'ఎ లెటర్ టు త్రీ వైవ్స్'లోనూ వేయలేదు. అందులో రైలు పట్టాల పక్కనే ఇల్లు. రైలు వెళ్ళినప్పుడల్లా ఇల్లంతా వణుకుతుంది, లోపలున్నవాళ్ళు మాత్రం ఏమీ జరగనట్టే పేకాట ఆడుకుంటూ ఉంటారు.

ఆ సినిమా తీసిన జోసెఫ్ మాంకియెవిచ్ మరుసటి ఏడాది 'ఆల్ అబౌట్ ఈవ్' తీశాడు. అందులో ఆవిడ వేసిన బర్డీ గురించి నీకు నెమ్మదిగా చెప్పాలి.

మార్గో చానింగ్ పెద్ద నాటక తార. ఆ పాత్ర బెట్టీ డేవిస్‌ది. బర్డీ ఆవిడకి దుస్తులు తొడిగేది, విగ్గు తీసేది, ఇల్లు చూసేది. ఒకప్పుడు తనూ చిన్న చిన్న స్టేజీల మీద ఆడిపాడిన మనిషే. ఒక రాత్రి ఈవ్ అనే అమ్మాయి మేకప్ గదిలోకి వచ్చి తన కష్టాల కథ చెబుతుంది. పేదరికం, యుద్ధంలో పోయిన భర్త, అన్నీ. గదిలో అందరికీ మనసు కరిగిపోతుంది. బర్డీ మాత్రం, ఇంత కథలో తరుముకొచ్చే వేటకుక్కలు ఒక్కటే తక్కువ అన్న అర్థం వచ్చేలా ఓ మాట విసురుతుంది. మార్గో కసురుకుంటుంది. బర్డీ వెంటనే ఆ పిల్లకి క్షమాపణ చెబుతుంది. నా మాట తీరే అంత, ఏమీ అనుకోకు అని. చెల్లీ, ఆ క్షమాపణ చూడు. నోటికొచ్చింది అనేయడం చాలామంది నటులకి వచ్చు. అన్నది ఒకరికి తగిలిందేమోనని అంతే నిజంగా నొచ్చుకోవడం థెల్మాకి వచ్చు. పైగా ఆవిడ అన్నదే నిజమని మనకి తర్వాత తెలుస్తుంది.

ఇంకో సీన్లో మార్గో మంచం మీదుండి, నీకు ఈవ్ అంటే ఇష్టం లేదు కదూ అని అడుగుతుంది. నీకు జవాబు కావాలా, గొడవ కావాలా అని బర్డీ ఎదురడుగుతుంది. తర్వాత చెప్పేస్తుంది: ఆ పిల్ల నీ నడక, నీ మాట, నీ తిండి, నీ నిద్ర అన్నీ చదువుతోందమ్మా అని. నాటక రచయితకి కనిపించనిది, దర్శకుడికి కనిపించనిది, అంత చదువుకున్న స్నేహితురాలికి కనిపించనిది పని చేసే మనిషికి కనిపించింది. ఎందుకు కనిపించదూ! అందరూ మాటలు వింటుంటే ఆవిడ చేతులు చూస్తోంది, బట్టలు ఎవరు ఎలా పట్టుకున్నారో చూస్తోంది.

ఇంత చేసి ఆ సినిమా ఏం చేసిందో తెలుసా? సగం గడిచాక బర్డీని వదిలేసింది. మళ్ళీ కనిపించదు. ఏమైందో ఎవరూ అడగరు, మార్గో కూడా అడగదు. నాకు ఈ సినిమా ప్రాణం, అయినా ఈ ఒక్క విషయంలో మాంకియెవిచ్‌ని ఒప్పుకోలేను. ముందుగా పసిగట్టిన మనిషికి, తను చెప్పింది నిజమైన రోజున ఆ గదిలో చోటుండాలి కదా.

ఇంకోటి గమనించు. బర్డీ ఇల్లెక్కడో మనకి తెలియదు. థెల్మా వేసిన చాలా పాత్రలు ఇంతే. వేరేవాళ్ళ ఇళ్ళల్లోకి వస్తారు, పని చేస్తారు, మంచి మాట చెబుతారు, వెళ్ళిపోతారు. వెళ్ళి ఏ మంచం మీద పడుకుంటారో కెమెరాకి అక్కర్లేదు. అక్కర పడి, ఆవిడ వెంట వెళ్ళిన సినిమాలు కొన్నే ఉన్నాయి. నేను వెతుక్కుని చూసేవి అవే.

1951లో వచ్చిన 'ది మేటింగ్ సీజన్' అలాంటిది. అందులో థెల్మా వేసిన ఎలెన్ ఒక హాంబర్గర్ కొట్టు నడుపుకునే తల్లి. కొట్టు మూతపడుతుంది. కొడుకు పెద్దింటి అమ్మాయిని చేసుకున్నాడు. ఈవిడ కోడలింటికి వెళ్ళేసరికి, కోడలు (ఆ పాత్ర జీన్ టియర్నీది) వంటమనిషి వచ్చిందనుకుంటుంది. ఎలెన్ నిజం చెప్పదు. ఏప్రాన్ కట్టుకుని వంటింట్లోకి నడుస్తుంది. అత్తగారు కోడలింట్లో జీతానికి వంట చేయడం! కొడుక్కి తెలిశాక కూడా నోరెత్తనివ్వదు. పైకి నవ్వించే కథే. కానీ ఆ తల్లి వడ్డిస్తూ కొడుకు మొహం వంక ఒక్కసారి చూసి చూపు తిప్పుకున్నప్పుడు మనకి నవ్వు ఆగిపోతుంది. పేరుకి సహాయ పాత్ర, కథంతా మోసింది ఆవిడే.

అదే రోజుల్లో జార్జ్ క్యూకర్ తీసిన 'ది మోడల్ అండ్ ది మ్యారేజ్ బ్రోకర్'లో పెళ్ళిళ్ళ పేరమ్మ మే స్వేజీ. ఒంటరివాళ్ళకి జతలు కుదిర్చే మనిషి. తన కాపురం ఎప్పుడో చెదిరిపోయింది, భర్త ఇంకో ఆవిడతో వెళ్ళిపోయాడు. పెళ్ళి మీద నమ్మకం మాత్రం ఎక్కడికీ పోలేదు. అందం లేని అమ్మాయిలకీ బిడియపడే మగవాళ్ళకీ ఓ తోడుండాలని ఆవిడ పడే తాపత్రయాన్ని క్యూకర్ ఎక్కడా వేళాకోళం చేయలేదు. దొరికితే తప్పకుండా చూడు.

ఇప్పుడు మో దగ్గరికి వస్తాను. 1953, శామ్యూల్ ఫుల్లర్ తీసిన 'పికప్ ఆన్ సౌత్ స్ట్రీట్'. మో న్యూయార్క్ వీధుల్లో నెక్‌టైలు అమ్ముకుంటూ, పోలీసులకి జేబుదొంగల ఆచూకీ చెప్పి డబ్బు తీసుకుంటుంది. రిచర్డ్ విడ్‌మార్క్ వేసిన జేబుదొంగ స్కిప్ తనకి బిడ్డలాంటివాడు, అతని పేరూ అమ్మేసింది. అతనికి కోపం రాదు. ఆవిడా తినాలి కదా అంటాడు. ఆ డబ్బు దేనికో విను: పోయాక దిక్కులేని శవాల మధ్య పూడ్చకుండా తనకంటూ ఒక సమాధి స్థలం, పైన ఒక రాయి. దానికోసమే దాచుకుంటోంది.

చివరి రాత్రి ఆ సినిమా ఆవిడ వెంట ఆవిడ గదికి వెళ్తుంది. రోజంతా తిరిగి వచ్చింది, గ్రామఫోన్ మీద రికార్డు పెట్టింది, మంచం మీద వాలింది. గదిలో తుపాకీతో ఒకడున్నాడు. స్కిప్ ఎక్కడుంటాడో చెప్పమంటాడు. ఎన్నాళ్ళుగానో ఆచూకీలు అమ్ముకున్న మనిషి ఇతనికి మాత్రం చెప్పదు, ఎంతిచ్చినా చెప్పదు. అరవదు, బతిమాలదు. తనెంత అలసిపోయిందో చెబుతుంది. రేపు పొద్దున్నే లేచి మళ్ళీ బతుకుతెరువు కోసం తిరగాలని, తనని చంపితే మేలు చేసినట్టేనని అంటుంది. చెల్లీ, ఆ మాటల్లో ఎక్కడా ఏడుపు లేదు. కాళ్ళ నొప్పి గురించి చెప్పినట్టే చావు గురించి చెబుతుంది. కెమెరా గ్రామఫోన్ వైపు తిరుగుతుంది, తుపాకీ పేలిన శబ్దం వినిపిస్తుంది. దాచిన డబ్బు సమాధికి సరిపోలేదు. శవపేటికని దిక్కులేని శవాల చోటికి తీసుకెళ్తుంటే స్కిప్ వెళ్ళి దింపించి, ఆవిడ కోరుకున్నట్టే మర్యాదగా సాగనంపుతాడు.

ఆ పాత్రకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. గెలిచింది డోనా రీడ్. 1950 నుంచి 1953 దాకా వరసగా నాలుగేళ్ళు నామినేషన్లు, ఆ తర్వాత 1959లో 'పిల్లో టాక్'కి, 1962లో 'బర్డ్‌మన్ ఆఫ్ అల్కట్రాజ్'కి. మొత్తం ఆరు. ఒక్కటీ రాలేదు. 1955 ఆస్కార్ వేడుకకి హాలీవుడ్‌లో బాబ్ హోప్, న్యూయార్క్‌లో థెల్మా వ్యాఖ్యాతలు. ఆవిడ చేత వేడుక నడిపించారు గానీ, ఆ బొమ్మ మాత్రం ఆవిడ చేతికివ్వలేదు. స్టేజీ మీద మాత్రం న్యాయం జరిగింది. 'న్యూ గర్ల్ ఇన్ టౌన్' సంగీత నాటకానికి 1958లో టోనీ అవార్డు వచ్చింది. అదే నాటకంలోని గ్వెన్ వెర్డన్‌తో సమానంగా.

ఇంకో సంగతి కూడా నన్ను బాధపెడుతుంది. 1955లో టెలివిజన్‌లో 'ది కేటర్డ్ అఫేర్' అని పాడీ చయెఫ్‌స్కీ నాటకం వచ్చింది, కూతురి పెళ్ళి ఖర్చుతో సతమతమయ్యే తల్లి కథ. ఆ తల్లి థెల్మాయే. మరుసటి ఏడాది సినిమాగా తీసినప్పుడు ఆ పాత్ర బెట్టీ డేవిస్‌కి వెళ్ళింది. బెట్టీ బాగా చేసింది, కాదనను. అయినా ఆ తల్లి థెల్మా మనిషి.

'రియర్ విండో'కైతే ఆవిడకి నామినేషన్ కూడా రాలేదు. 1954, హిచ్‌కాక్. కాలు విరిగి కిటికీ దగ్గర కూర్చున్న జేమ్స్ స్టువర్ట్‌కి రోజూ వచ్చి మర్దనా చేసే ఇన్సూరెన్స్ కంపెనీ నర్సు స్టెల్లా. పక్కవాళ్ళ ఇళ్ళల్లోకి తొంగి చూడకయ్యా అని మొదట మందలించేది ఆవిడే. తర్వాత హత్య జరిగిందని ముందుగా నమ్మే వాళ్ళలోనూ ఆవిడ ఉంటుంది. అతను టిఫిన్ తింటుంటే, ఆ ఎదురింటాయన శవాన్ని ఎక్కడ కోసి ఉంటాడో వివరంగా చెబుతుంది, పాపం అతనికి ముద్ద దిగదు. 1929లో మార్కెట్ కుప్పకూలుతుందని తనకి ముందే తెలుసంటుంది. ఎలాగంటే, జనరల్ మోటార్స్ డైరెక్టర్ ఒకాయనకి నర్సుగా ఉన్నప్పుడు ఆయన రోజుకి ఎన్నిసార్లు బాత్రూమ్‌కి పరిగెత్తాడో లెక్కపెట్టిందట! మనిషి లోపలి భయం డాక్టరు కన్నా ముందు నర్సుకి తెలుస్తుందని ఎంత ఇష్టంగా రాశారో, ఆవిడ అంత ఇష్టంగా పలికింది.

'పిల్లో టాక్'లో రోజూ పొద్దున్నే తలనొప్పితో వచ్చే తాగుబోతు పనిమనిషి అల్మా. సరదాగా ఉంటుంది, అంతకు మించి ఆ పాత్రకి ఇచ్చిందేం లేదు. 'బర్డ్‌మన్'లో మాత్రం నువ్వు ఈవిడేనా అనుకుంటావు. ఉరిశిక్ష పడ్డ కొడుకు ప్రాణం కోసం పోరాడి కాపాడిన తల్లి, జైల్లో ఉన్న అతను పెళ్ళి చేసుకోగానే అతనికే ఎదురు తిరుగుతుంది. ఆ కళ్ళల్లో ప్రేమ ఎక్కడ ఆగిందో, పంతం ఎక్కడ మొదలైందో చెప్పలేం.

1969లో పోయింది. వేసినవన్నీ చూడమని చెప్పను, అందులో కొన్ని మామూలు సినిమాలే. ముందు 'రియర్ విండో' చూడు, తేలిగ్గా దొరుకుతుంది, పిల్లలతో కూర్చుని కూడా చూడొచ్చు. తర్వాత 'ఆల్ అబౌట్ ఈవ్'. 'పికప్ ఆన్ సౌత్ స్ట్రీట్' మాత్రం ఇంట్లో పనంతా అయ్యాక, ఫోన్ పక్కన పెట్టి ఒక్కదానివే చూడు. ఆ తర్వాత నాకో ఉత్తరం ముక్క రాయి. అన్ని పేర్లూ అమ్మిన మో, ఆ రాత్రి స్కిప్ ఆచూకీ మాత్రం ఎందుకు అమ్మలేదో నీకేమనిపించిందో నాకు వినాలనుంది.