మందు – మాట – మాధ్యమం

ఉద్దేశం: ఔషధ ప్రచారంలో సామాజిక మాధ్యమాల పాత్రను వివరించి, విద్యార్థులలో వివేచనను పెంపొందించడం.

నెల్లూరు జిల్లా పడమటి ప్రాంతంలోని ఉదయగిరి దుర్గం కొండ ఔషధ మూలికలకు పేరుపొందినది. ఒకనాడు అక్కడి పల్లెలకు మందును గూర్చిన మాట నాటువైద్యుని నోట వచ్చేది. నేడది సెల్‌ఫోనులో వస్తున్నది. మార్గం మారినా, ఆ మాటకు పూచీ ఎవరిదన్న ప్రశ్న మారలేదు.

మందులకు ప్రచారం కొత్త కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనాన్ని నెలకొల్పి, సంగీత సభలలో ఉచితంగా పంచి, దానిని జనానికి పరిచయం చేశారు. ఆ వ్యాపారమే 1908లో ఆయన స్థాపించిన ఆంధ్రపత్రికకు అండ అయింది. అయితే తలనొప్పి లేపనం నచ్చకుంటే మానవచ్చు. మధుమేహం, కాన్సరు వంటి వ్యాధుల విషయంలో పొరపాటు ప్రాణాంతకం. అందుకే ఇటువంటి రోగాలను నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టం నిషేధించింది. వైద్యుని చీటీపై అమ్మే ‘షెడ్యూల్ హెచ్’ మందులను కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ప్రకటించరాదు. ‘సురక్షితం’ అనే మాటను షరతు లేకుండా వాడరాదని 2024 నాటి ఔషధ విపణన నియమావళి చెబుతున్నది.

మరి కంపెనీలకు ఈ మాధ్యమాలు ఎందుకు? వ్యాధి లక్షణాలు తెలపడానికి, మందు వాడే తీరును వివరించడానికి, నకిలీ మందులపై హెచ్చరించడానికి. ఇవి చేసిన సంస్థకు నమ్మకమే లాభం.

ఈ మాధ్యమాల శక్తి ఎంతటిదో జిల్లా తూర్పు తీరాన ఉన్న కృష్ణపట్నం చాటింది. 2021 మేలో ఆనందయ్య కరోనా మందు వార్త ఫోన్ల ద్వారా వ్యాపించగా, దూరప్రాంతాల నుండి రోగులు సైతం గుంపులుగా తరలివచ్చారు. ప్రభుత్వం పంపిణీని ఆపి, పరీక్షల పిమ్మట కంటిచుక్కలు తప్ప మిగిలినవాటికి అనుమతినిచ్చింది. అక్కడ కంపెనీ లేదు, ప్రకటన లేదు. పరీక్షకంటె వార్త ముందు నడిచింది.

ఆత్మకూరులో చదివే విద్యార్థి ఫోనుకు “ఈ పొడితో షుగరు మాత్రలు మానవచ్చు” అనే సందేశం వచ్చిందనుకుందాం. అతడు దానిని ఉదయగిరిలోని తాతకు పంపితే, తాత మనుమని మాట నమ్మి మాత్రలు మానవచ్చు. అప్పుడు పూచీ పొడి అమ్మినవానిది మాత్రమేనా? పంపేముందు వైద్యుని అడగడం విద్యావంతుని ధర్మం. మందు వికటిస్తే 1800-180-3024 నంబరుకు తెలుపవచ్చు.

పదాలు – అర్థాలు
వివేచన = మంచిచెడ్డలను విచారించడం
విపణనం = సరుకును అమ్మే విధానం
పూచీ = బాధ్యత

ప్రశ్నలు
1. కొన్ని వ్యాధుల మందుల ప్రకటనలను చట్టం ఎందుకు నిషేధించింది?
2. కృష్ణపట్నం ఉదంతం నేర్పే పాఠమేమి?
3. సందేశాన్ని ఇతరులకు పంపేవారి బాధ్యతను వివరించండి.