పిల్లల కోసం చికిత్సలో ఉన్న ఉద్యోగులు ముందు తోడు వెతుక్కోవాలి

సంతానం కోసం చికిత్స మొదలుపెట్టిన ఉద్యోగికి మొదట సెలవులు కరువవుతాయి. తర్వాత డబ్బు కరువవుతుంది. ఆ తర్వాత మాట్లాడుకునే మనిషి కరువవుతుంది. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి చికిత్స కోసం హైదరాబాద్ తిరిగే జంటలకు ఈ వరస బాగా తెలుసు. దీన్ని తిరగేయమని నా సలహా. ముందు మనిషిని వెతుక్కోండి. అదే దారిలో ఉన్న ఇద్దరు ముగ్గురు తోడు దొరికితే సెలవు ఎట్లా సర్దుకోవాలో, డబ్బు ఎక్కడ వృథా అవుతుందో సగం సంగతులు వాళ్ళ దగ్గరే తెలుస్తాయి.

అట్లాంటివాళ్ళు ఎక్కడున్నారని మీరు అడగొచ్చు. పెద్దవాళ్ళలో దాదాపు ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌కు పోయే కంపెనీ బస్సులో, చౌటుప్పల్ మందుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో, కలెక్టరేట్ సెక్షన్‌లో మీలాంటివాళ్ళు ఉండే ఉంటారు. మీలాగే వాళ్ళూ నోరు విప్పరు. అందుకే ఈ తోడు ఎక్కువగా స్కానింగ్ గది బయట బెంచీ మీద దొరుకుతుంది. "ఏ ఊరక్కా మీది?" అన్న ఒక్క మాట చాలు. ఇద్దరిదీ నల్గొండ బస్సే అని తేలితే ఫోన్ నంబరు అడిగి తీసుకోండి, మొహమాటపడకండి. స్వయం సహాయక సంఘంలో ఉంటే సమావేశంలో అందరి ముందు చెప్పనక్కర్లేదు. పెళ్ళయి నాలుగైదేళ్ళయినా పిల్లలు కాని సభ్యురాలు ఒకామె ఉంటే, ఆమెతో ఒంటరిగా ఉన్నప్పుడు మీ సంగతి మీరే ముందు చెప్పండి. ఆమె సంగతి మాత్రం తవ్వకండి. చెప్పాలనిపిస్తే ఆమే చెప్తుంది.

ఈ చిన్న గుంపుకు కొన్ని కట్టుబాట్లు కావాలి. ఒకరి మాత్ర ఇంకొకరు మింగొద్దు. అండం పెరగడానికి ఒకామెకు రాసిన మోతాదు ఇంకొకామెకు ప్రమాదం కావచ్చు. రిపోర్టులు పోల్చుకుని, నీకంటే నాదే మేలని మనసులో లెక్కలు వేసుకోవడం మొదలైతే ఆ తోడు నిలవదు. "ఏమైంది, ఏమైంది" అని రోజూ అడగొద్దు. చెప్పేవాళ్ళే చెప్తారని ముందే అనుకోండి. ఎప్పుడో ఒకసారి గుంపులో ఒకామె నెల తప్పుతుంది. ఆ మాట మిగతావాళ్ళకు ఎదురుగా కూర్చోబెట్టి చెప్పకండి, ఒక మెసేజ్ పెట్టండి. చదివినామెకు ఏడవడానికి కాస్త చోటు దొరుకుతుంది. తేరుకున్నాక ఆమే ఫోన్ చేసి మనస్ఫూర్తిగా సంతోషపడుతుంది. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోక విడిపోయిన స్నేహాలు చాలా ఉన్నాయి.

అందరికంటే బరువైన స్థితి అంగన్‌వాడీ టీచర్లది, ఆశా కార్యకర్తలది, ప్రసూతి వార్డు నర్సులది. ఊళ్ళో ఎవరు గర్భవతో మొదట రాసుకునేది వీళ్ళే. అంగన్‌వాడీ టీచర్లైతే ఆరోగ్యలక్ష్మి భోజనం వడ్డించి, గర్భిణులకు గుడ్డు, పాలు ఇచ్చి, రిజిస్టర్ నింపి, సెంటర్‌లో సీమంతం జరిగితే పసుపు కుంకుమ కూడా తామే అందించాలి. ఆ పళ్ళెం పట్టుకుని నిలబడినప్పుడే ఎవరో పెద్దామె, "నీకేమన్న విశేషముందా బిడ్డా?" అంటుంది. ఆమెకు చెడ్డ ఉద్దేశం ఉండకపోవచ్చు. గాయం మాత్రం అవుతుంది. మీరు ఈ పనుల్లో ఉంటే, సీమంతం రోజు పళ్ళెం ఆయాకు అప్పగించి రాతపని మీరు పెట్టుకోండి. సూపర్‌వైజర్ అర్థం చేసుకునే మనిషైతే ఆ ఒక్క రోజు పక్క సెంటర్ టీచరమ్మ వచ్చేట్టు మాట్లాడుకోండి. ఆ పెద్దామెకు చెప్పే జవాబు కూడా ముందే సిద్ధంగా పెట్టుకోండి: "డాక్టరుకు చూపించుకుంటున్నమమ్మా, అయినప్పుడు నీకే ముందు చెప్త." అక్కడితో మాట తెగుతుంది. ఒకే సెక్టార్‌లో ఇట్లాంటి టీచర్లు ఇద్దరుంటే ఒకరి సెంటర్‌కు ఒకరు సాయంగా పోవచ్చు. నేను తోడు అంటున్నది ఇట్లాంటి సాయాన్నే.

ఇక ఉద్యోగం సంగతి. ఆఫీసంతటికీ చెప్పాల్సిన పని లేదు, ఎవరికీ చెప్పకుండా నెట్టుకురావడమూ కష్టం. సెలవు సర్దే అధికారం ఉన్న ఒక్కరికి చెప్పండి. వ్యాధి పేరు, చికిత్స పేరు అవసరం లేదు. "సార్, నాకు దవాఖానల ట్రీట్‌మెంట్ నడుస్తున్నది. వచ్చే నెల రెండు వారాల్ల నాలుగైదు పొద్దులు ఆలస్యంగ వస్త. ముందురోజే చెప్త, సాయంత్రం ఆ పని పూర్తి చేసి పోత." ఈ మాత్రం చెప్తే చాలామంది ఇన్‌ఛార్జులు ఒప్పుకుంటారు. చెప్పకుండా పదేపదే సిక్ లీవు పెడితేనే అనుమానాలు వస్తాయి. మెడికల్ సర్టిఫికెట్ మీద చికిత్సలో ఉన్నారనీ, ఇన్ని రోజులు హాజరు కాలేరనీ రాస్తే చాలేమో డాక్టరును అడగండి.

ఇన్‌ఛార్జితో మాట్లాడే ముందు చికిత్స క్యాలెండర్ మీకు తెలిసి ఉండాలి. ఐవీఎఫ్‌లో సాధారణంగా నెలసరి రెండో రోజో మూడో రోజో స్కాన్, రక్తపరీక్షతో మొదలవుతుంది. ఇంజెక్షన్లు పది రోజుల పైచిలుకు నడుస్తాయి. మధ్యలో రెండు మూడు రోజులకోసారి స్కాన్ ఉంటుంది. అండాలు పక్వానికి వచ్చాక ఇచ్చే ట్రిగ్గర్ ఇంజెక్షన్‌కు గంట కూడా లెక్కే. దాని తర్వాత సుమారు 34 నుంచి 36 గంటలకు అండాలు బయటికి తీస్తారు. ఆ రోజు మాత్రం ఎవరి కోసమూ మారదు. కాబట్టి ఎర్న్‌డ్ లీవు దానికి, పిండం ప్రవేశపెట్టే రోజుకు దాచుకోండి. మధ్యలో చేసే స్కాన్లు నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో చేయించుకుని రిపోర్టు పంపొచ్చా అని మీ డాక్టరును అడగండి. ఒప్పుకుంటే ఒక్కొక్క స్కాన్‌కు వంద కిలోమీటర్లు పోవడం, మళ్ళీ వంద రావడం తప్పుతుంది. హైదరాబాద్ పోవాల్సిన రోజు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద ప్రయాణం ఉచితం. ఆధార్ కార్డు వెంట పెట్టుకోండి.

పిండం పెట్టాక పదిహేను రోజులు మంచం దిగొద్దని ఇంట్లో పెద్దవాళ్ళు పట్టుబడతారు. అట్లా పడుకుంటే గర్భం నిలిచే అవకాశం పెరుగుతుందని పరిశోధనల్లో తేలలేదు. డాక్టరు ప్రత్యేకంగా చెప్తే తప్ప కూర్చుని చేసే పనికి పోవచ్చు. ఈ ఒక్క సంగతి తెలియక ఉన్న సెలవులన్నీ ఒకే విడతకు కరిగించుకుని, రెండో విడతకు జీతం కోతతో తిరిగేవాళ్ళున్నారు. మందుల ఫ్యాక్టరీలో సాల్వెంట్లు, హార్మోన్ మందులు, కేన్సర్ మందులు తయారయ్యే చోట పనిచేస్తుంటే మాత్రం ఆ సంగతి డాక్టరుకు చెప్పి, వేరే విభాగానికి మార్చమని రాతపూర్వకంగా అడగండి. భార్యాభర్తల్లో ఎవరు అక్కడ పనిచేసినా అడగాల్సిందే.

ఐవీఎఫ్ కోసం కార్మిక చట్టంలో ప్రత్యేక సెలవు లేదు. ఉన్న హక్కులు తెలుసుకుని వాడుకోవాలి. పది మంది, ఆపైన పనిచేసే చోట గర్భస్రావమైతే ఆరు వారాల సెలవు జీతంతో ఇవ్వాలి. దాని వల్ల అనారోగ్యం వస్తే ఇంకో నెల దాకా ఉంటుంది. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టంలో ఉన్న ఈ హక్కులు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉన్నాయి. నెల, నెలన్నర గర్భం పోతే "అదేమంత పెద్ద విషయం" అనుకుని మర్నాడే డ్యూటీకి వచ్చే ఆడవాళ్ళున్నారు. డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తీసుకుని ఆ సెలవు పెట్టండి. మీ జీతం నుంచి ఈఎస్‌ఐ కోస్తున్నారంటే, అర్హత ఉన్నవాళ్ళకు అనారోగ్య సెలవులో జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. మీ సెలవు దాని కిందికి వస్తుందో లేదో డిస్పెన్సరీలోనే అడగండి.

ఇప్పుడు మగవాళ్ళతో మాట. ఏడాదిపాటు కలిసి ఉన్నా గర్భం రాకపోతే, భార్యకు 35 దాటితే ఆరు నెలలకే, పరీక్షలు మొదలుపెట్టాలి. ముందు మీరే చేయించుకోండి. దాదాపు సగం జంటల్లో మగవారి వైపు కూడా కారణం ఉంటుంది. వీర్యపరీక్ష ఆడవాళ్ళ పరీక్షలతో పోలిస్తే చాలా తేలిక, చవక. రెండు నుంచి ఏడు రోజులు కలయిక లేకుండా ఉండి నమూనా ఇస్తే చాలు. భార్యకు ట్యూబు పరీక్షలు, ఆపరేషన్లు అన్నీ అయ్యాక ఆఖరుకు భర్త పరీక్ష చేయించడం అన్యాయం, డబ్బు దండుగ కూడా. వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. గుట్కా, సిగరెట్, మందు ఇవ్వాళ మానేస్తే ఫలితం మూడు నెలలకు కనిపిస్తుంది. లారీ ఇంజిన్ మీద, కొలిమి దగ్గర, ఇటుక బట్టీలో గంటల తరబడి వేడికి పనిచేసేవాళ్ళు ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

పాలమూరు నుంచి ముంబయి, పుణె పనులకు పోయి నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండే భర్తలకు ఇంకో చిక్కు. గర్భం రావడానికి అనువైన రోజులు నెలలో ఆరే: అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు. 28 రోజుల నెలసరి ఉన్న ఆడవాళ్ళకు అవి సుమారు తొమ్మిదో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా. దసరాకు, సంక్రాంతికి వచ్చి పోయినంత మాత్రాన ఆ రోజులు కలిసిరావు. మేస్త్రీతో మాట్లాడి పండుగ సెలవుకు బదులు ఆ వారంలో ఊరికి వచ్చేట్టు చూసుకోండి. గల్ఫ్‌కు పోయేవాళ్ళు వీర్యం భద్రపరిచే సౌకర్యం గురించి పోయేముందే అడగండి. మీకూ తోడు కావాలి. ఆసుపత్రి బయట టీ బండి దగ్గర నిలబడ్డ ఇంకో భర్తతో రెండు మాటలు మాట్లాడితే తక్కువైపోరు.

డబ్బు దగ్గర గుంపు కాపాడినంతగా ఇంకెవరూ కాపాడలేరు. ప్రైవేటులో ఐవీఎఫ్ ఒక్క విడతకే లక్షన్నర పైమాట. ప్యాకేజీలో ఇంజెక్షన్లు కలిశాయా, మిగిలిన పిండాలను ఫ్రీజ్ చేస్తే ఏటా ఎంత కట్టాలి అన్నవి కాగితం మీద రాయించుకోండి. అక్కడే చికిత్స చేయించుకున్న ఇంకొకామెను అసలు ఖర్చెంతయిందో అడగండి. ఎన్ని విడతలు ప్రయత్నిస్తామో బంగారం కుదువపెట్టక ముందే ఇద్దరూ అనుకోండి. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం ప్రారంభించారు. ప్రైవేటుకు పోయేముందు అక్కడ ఏయే సేవలు అందుతున్నాయో వాకబు చేయండి. మొదటి పరీక్షలకు జిల్లాలోని ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి. ట్యూబులు మూసుకుపోవడానికి మన దేశంలో క్షయ ఒక ముఖ్య కారణం. దాని చికిత్స ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

2021 చట్టం ప్రకారం ఐవీఎఫ్ కేంద్రానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ సర్టిఫికెట్ చూపించమని అడగండి. "మగపిల్లవాడే పుట్టేట్టు చేస్తం" అన్న చోట ఒక్క నిమిషం కూడా నిలబడొద్దు, అది నేరం. సరోగసీ పేరుతో ఒక జంట దగ్గర లక్షలు తీసుకుని ఎవరి బిడ్డనో చేతిలో పెట్టారన్న కేసు 2025 జులైలో సికింద్రాబాద్‌లో బయటపడింది. డీఎన్‌ఏ పరీక్ష చేయించుకున్నాకే ఆ జంటకు సంగతి తెలిసింది. దేవరకొండ తండాల పసిపిల్లలను దత్తత పేరుతో అమ్మిన వ్యవహారాలు నల్గొండ జిల్లా మరచిపోలేదు. దత్తత తీసుకోవాలనిపిస్తే కేంద్ర దత్తత సంస్థ 'కారా'లో పేరు నమోదు చేసుకుని, జిల్లా స్త్రీ శిశు సంక్షేమ శాఖ ద్వారానే పోవాలి. ఉత్తర్వు ఇచ్చేది కలెక్టర్. మధ్యవర్తికి రూపాయి కూడా ఇవ్వొద్దు.

కురుమూర్తికి మొక్కుకోండి, జాన్‌పహాడ్ దర్గాకు పోయి రండి. మనసు నిలబడుతుందంటే ఎవరూ కాదనరు. మాత్రలు మాత్రం మానకండి, వాటితోపాటు నాటుమందు తినకండి.

ఇంట్లో రెండో పెళ్ళి మాట ఎత్తితే మీ గుంపు మీకు గట్టిగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. హిందూ వివాహ చట్టంలో పిల్లలు లేకపోవడం విడాకులకు కారణం కాదు. భార్య ఉండగా ఇంకో పెళ్ళి చేసుకుంటే ఏడేళ్ళ దాకా జైలు. వేధింపులుంటే 181కి ఫోన్ చేయండి, జిల్లాలోని సఖి కేంద్రానికి పోండి.

పిండం పెట్టిన తర్వాత రెండు వారాల లోపు రక్తపరీక్ష ఉంటుంది. ఆ తేదీ ముందే తెలుస్తుంది కాబట్టి ఆ రోజుకు, మర్నాటికి నైట్ షిఫ్టు లేకుండా చూసుకోండి. ఫలితం పని మధ్యలో ఫోన్‌లో చూడొద్దు. డ్యూటీ దిగాక, భర్తో గుంపులోని అక్కో పక్కన ఉన్నప్పుడు చూడండి. కాలేదని తేలితే ఆ సాయంత్రం బంధువులకు జవాబు చెప్పే పని ఇంకొకరికి అప్పగించండి. వారం గడిచినా నిద్ర, తిండి లేకపోతే 14416, టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. తర్వాతి విడత ఎప్పుడన్నది ఆ వారంలో నిర్ణయించుకోకండి. డాక్టరు అపాయింట్‌మెంట్ పెట్టుకుని, ఎందుకు నిలవలేదో ఇద్దరూ పోయి అడిగి, ఆ తర్వాతే సెలవుల లెక్క తీయండి.