మన సంఘం తలుపు ఎవరికి తెరిచి ఉన్నది?

సహకార సూత్రాలలో మొదటిది బహిరంగ సభ్యత్వం. అంతర్జాతీయ సహకార కూటమి 1995లో ఆమోదించిన సూత్రాలలోనూ స్త్రీ పురుష భేదం, సామాజిక, జాతి, రాజకీయ, మత విచక్షణ ఉండరాదని స్పష్టం చేశారు. ఈ సూత్రం మన కార్యదర్శులందరికీ కంఠస్థమే. అది ఆచరణలో ఉన్నదా లేదా అన్నది మాత్రం రిజిస్టర్లే చెప్పాలి.

పాల క్యానుకు కులం లేదు. అందరి పాలూ అందులో కలిసిపోతాయి. ధర కట్టేది వెన్న శాతాన్ని, వెన్నేతర ఘనపదార్థాలను చూసి మాత్రమే. వచ్చిన వరుసలోనే నిలబడి పాలు పోయడం కుల భేదాలపై దెబ్బ వంటిదని డాక్టర్ కురియన్ చెప్పేవారు. ఖేడా జిల్లాలో 1946లో మొదలై, 1970 నుండి 1996 వరకు ఆపరేషన్ ఫ్లడ్ ద్వారా దేశమంతటా విస్తరించిన పద్ధతికి ఇదే ఆయువుపట్టు.

అయితే ఈ వరుస అన్ని ఊళ్లలోనూ ఏర్పడలేదు. ఆంధ్రప్రదేశ్‌తో సహా 11 రాష్ట్రాలలోని 565 గ్రామాలలో అంటరానితనంపై జరిపిన సర్వే 2006లో పుస్తకంగా వెలువడింది. పాల సంఘాలకు దళితులు పాలు పోయకుండా అడ్డుకోవడం దాదాపు సగం గ్రామాలలో కనిపించిందని అందులో తేలింది. గేదె పాలిస్తున్నా పాలు అమ్ముకునే దారి లేకపోతే, ఆ గేదె కొన్న అప్పు ఎలా తీరుతుంది?

ఈ విషయంలో చట్టం మెత్తగా లేదు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. అంటరానితనం కారణంగా వస్తువు అమ్మకానికి, సేవకు నిరాకరించడం 1955 నాటి పౌర హక్కుల రక్షణ చట్టం కింద నేరం. షెడ్యూల్డు కులాలు, తెగల వారిపై సామాజిక, ఆర్థిక బహిష్కారం విధించడాన్ని అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో జరిగిన సవరణ నేరంగా పేర్కొన్నది.

ఇక స్త్రీల సంగతి. పేడ ఎత్తేది, కుడితి పెట్టేది, గట్ల మీద గడ్డి కోసేది ఎక్కువగా వారే. సభ్యత్వం మాత్రం తరచు భర్త పేరున ఉంటుంది. ఈ లోటు తీర్చడానికే కేంద్ర ప్రభుత్వం 1986-87లో స్త్రీల శిక్షణ, ఉపాధి పథకం (స్టెప్) ప్రారంభించి, మహిళా పాల సంఘాలకు తోడ్పడింది. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఆసరాగా ములుకనూరు మహిళలు 2000లో సొంత డెయిరీ స్థాపించి నడుపుతున్నారు. స్త్రీలకు లెక్కలు రావు, పాలన చేతకాదు అనేవారికి ఇదే సమాధానం.

97వ రాజ్యాంగ సవరణ పాలకవర్గాలలో షెడ్యూల్డు కులాలు లేక తెగలకు ఒక స్థానం, స్త్రీలకు రెండు స్థానాలు కేటాయించింది. రాష్ట్ర సంఘాలకు సంబంధించినంత వరకు ఆ భాగం చెల్లదని 2021లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందువల్ల మన సంఘాలకు ఆధారం రాష్ట్ర చట్టమూ, మన ఉపవిధులూ.

బహిరంగంగా కాదనకుండానే తలుపు మూసే నిబంధనలూ ఉంటాయి. ఏడాదిలో ఇన్ని రోజులు, ఇన్ని లీటర్లు పోస్తేనే ఓటు అన్నది చూడడానికి అందరికీ సమానమే. అయిదు గేదెలున్న రైతుకు ఎప్పుడూ ఒకటైనా పాడిలో ఉంటుంది. ఒకే గేదె ఉన్న కూలి మనిషికి అది వట్టిపోతే పాలతోపాటు ఓటు కూడా పోతుంది.

తనిఖీలో నేను సభ్యుల రిజిస్టరును, పాల సేకరణ రిజిస్టరును పక్కపక్కన పెట్టి చూస్తాను. రెండవ దానిలో రోజూ కనబడి మొదటి దానిలో లేని పేర్లు ఎవరివో చూస్తే సంఘం స్వభావం తెలుస్తుంది. ఆ పేర్ల వారికి పాల డబ్బు అందుతుంది గాని ఓటు ఉండదు. చాలా చోట్ల బోనసు కూడా ఉండదు.

పాలకవర్గాలు ఈ క్రింది పనులు చేయవలెను:

1. పై విధంగా రెండు రిజిస్టర్లు సరిచూసి, అర్హులైన సభ్యేతరుల జాబితా తయారుచేయాలి. వాటాధనం ఒక్కసారి కట్టలేనివారికి, ఉపవిధులు అనుమతిస్తే, వాయిదాలు ఇవ్వాలి.

2. పశుపోషణ చేసే స్త్రీ పేరుననే సభ్యత్వం ఇచ్చి, పాల డబ్బు ఆమె ఖాతాలోనే వేయాలి.

3. దళితవాడ, గిరిజన తండా దూరమైతే అక్కడ ఉప సేకరణ కేంద్రం ఏర్పాటు చేయాలి.

4. వరుస వచ్చిన క్రమంలోనే సాగాలి. అందరి పాలకూ ఒకే కొలత, ఒకే పరీక్ష ఉండాలి.

5. గేదె వట్టిపోయిన కాలంలో ఓటు పోకుండా ఉపవిధుల సవరణను సర్వసభ్య సమావేశంలో ప్రతిపాదించి, ఆమోదం పొందితే రిజిస్ట్రారుకు పంపాలి.

6. సమావేశాన్ని కూలి వేళలో, పాలు పితికే వేళలో పెట్టరాదు. అందరూ నిస్సంకోచంగా వచ్చే చోట జరపాలి.

వీటిలో మొదటి పనికి కావలసినది ఒక్క సాయంత్రం. వచ్చే సర్వసభ్య సమావేశానికి ముందే పూర్తి చేసి, ఆ జాబితాను సమావేశంలో చదివి వినిపించవలసిందిగా కార్యదర్శులను కోరుతున్నాను.